ఎదుగుతున్న వైద్యశాలకు ముందుచూపు

(బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రజల సహకారంతో నడిచే ఒక వైద్యశాల ఎదుగుతున్నప్పుడు దాని భవిష్యత్తును గురించి ఎలా ఆలోచించాలి అనే విషయంపై నాలుగు మాటలు చెప్పవలసిందిగా నన్ను ఆదేశించారు. ఈ ప్రశ్నకు మన నాలుక చివరన సిద్ధంగా ఉండే సమాధానం ఒకటి ఉన్నది. మరికొన్ని పడకలు వేయాలి, మరొక అంతస్తు కట్టాలి, మరొక యంత్రం తెప్పించాలి అంటాము. అవి అవసరమే కావచ్చును. అయితే అవి ప్రణాళికలో చివరి పుటలో రావలసిన విషయాలు. మొదటి పుటలో ఏమి వ్రాయాలో నిర్ణయించుకొనకుండా చివరి పుట వ్రాసిన సంస్థలు మన దేశంలో తక్కువేమీ లేవు. భవనం మిగిలి, వైద్యుడు లేక తాళం పడిన గదులను మనమంతా చూచినవారమే.

ఈ పట్టణం ప్రణాళిక అంటే ఏమిటో పుట్టుకతోనే ఎరిగిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ నాగపూర్ నుండి అసన్సోల్ వైపు వేసిన మార్గం 1891లో పూర్తి అయినప్పటి నుండి బిలాస్‌పూర్ మధ్య భారతంలో ప్రధానమైన కూడలి అయినది. ఇక్కడి నుండి ఒక శాఖ పెండ్రా రోడ్, అనూప్‌పూర్, షహడోల్ మీదుగా కట్నీకి పోతుంది. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్‌కు వేసిన మార్గం 1931లో పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు మధ్య రాకపోకలు సులభమైనవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పట్టాలు వేయడానికి, ఇంజన్లు నడపడానికి, షెడ్లలో పని చేయడానికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడి, ఇంటిలో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కార్యాలయంలో హిందీ మాట్లాడుతూ తరాలు గడిపినవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించినది. ఉన్నత న్యాయస్థానం ఈ నగరానికి వచ్చినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమైనది.

రైల్వే కుటుంబాలకు వైద్యం విషయంలో ఒక ధీమా ఉండేది. ఉద్యోగి చేతిలో రైల్వే వైద్య పుస్తకం ఉంటే రైల్వే ఆసుపత్రి తలుపు తెరచి ఉన్నట్లే. కాని ఆ తలుపు ఉద్యోగికి, ఆయనపై ఆధారపడినవారికి మాత్రమే తెరచుకుంటుంది. పదవీ విరమణ చేసిన తండ్రికి, తల్లికి ఆ సదుపాయం ఉండవచ్చును. బయట చిన్న వ్యాపారమో, కాంట్రాక్టు పనియో చేసుకునే కుమారునికి, అతని భార్యాబిడ్డలకు అది వర్తించదు. ఒకే ఇంటిలో తాతగారి జ్వరానికి ఒక ఆసుపత్రి, మనుమని జ్వరానికి మరొక ఆసుపత్రి అయినది. అంటే మన రైల్వే కాలనీల మూడవ తరం, నాలుగవ తరం వైద్యం విషయంలో చుట్టుపక్కల గ్రామాల ప్రజలతో ఒకే వరుసలో నిలబడి ఉన్నది. అందువల్ల ఈ ప్రాంతంలో సామాన్యుల కోసం వెలసిన వైద్యశాల ఎలా ఎదుగుతుందన్నది మనకు పరాయి విషయం కాదు.

ఆ ఆలోచనకు ఆధారంగా నేను దూరాన ఉన్న మహానగరాల ఉదాహరణ తీసుకోను. మన బిలాస్‌పూర్ నుండి కోటా వైపు పోయే దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గనియారి అనే గ్రామం ఉన్నది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శిక్షణ పొందిన కొందరు యువ వైద్యులు 1996లో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను స్థాపించి, దేశంలో అనేక ప్రాంతాలు చూచి, చివరకు ఈ ప్రాంతాన్ని ఎన్నుకున్నారు. యోగేశ్ జైన్, రామన్ కటారియా, అనురాగ్ భార్గవ మొదలైనవారు ఆ బృందంలోనివారు. నీటిపారుదల శాఖవారు వదలివేసిన పాత నివాస గృహాలలో 2000 సంవత్సరం ప్రాంతంలో వైద్యసేవలు ప్రారంభమైనవి. కొత్త భవనం కోసం వారు వేచి ఉండలేదు. ఉన్న గోడలను బాగుచేసుకొని, ఆ గోడల మధ్య ఏ పని జరగాలో ముందుగా నిర్ణయించుకున్నారు. నేడు అది శస్త్రచికిత్సలు, ప్రసవాలు, ప్రయోగశాల పరీక్షలు, కాన్సరు చికిత్స వరకు చేసే వైద్యశాలగా పెరిగినది. ఛత్తీస్‌గఢ్ నుండే కాక, పొరుగున ఉన్న మధ్యప్రదేశ్ జిల్లాల నుండి కూడా రోగులు అక్కడికి వస్తారు. ఆ ఎదుగుదలలో మనం గ్రహించవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

మొదటిది, రానివారిని లెక్కించడం. ఏ వైద్యశాలలోనైనా ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. అందులో వచ్చిన రోగి పేరు, ఊరు, జబ్బు వ్రాస్తారు. సంవత్సరాంతాన ఆ పుస్తకం చూచి, రోగుల సంఖ్య ఇంత పెరిగినది గనుక పడకలు ఇన్ని పెంచాలి అని నిర్ణయిస్తారు. ఆ పుస్తకంలో రానివారి పేర్లు ఉండవు. బస్సు చార్జీ లేక ఆగిపోయిన కూలి, వరినాట్ల సమయంలో ఒక్క దినం కూలి పోగొట్టుకోలేక జ్వరాన్ని భరించిన తల్లి, వాగు పొంగినందున ఆవలి ఒడ్డున నిలిచిపోయిన గర్భిణి ఆ లెక్కలో చేరరు. కనుక ప్రణాళిక వ్రాసేవారు ఊరి పేర్ల గడిని మరొకసారి చదవాలి. ఏ ఊరి నుండి ఎక్కువమంది వచ్చారన్న దానికంటె, ఏ ఊరి నుండి ఎవ్వరూ రాలేదన్నది ముఖ్యమైన సమాచారం. ఆ ఊరిలో అందరూ ఆరోగ్యవంతులు కావడం ఒక కారణం కావచ్చును. మన అనుభవంలో అటువంటి ఊరు అరుదు.

రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువరించిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అనే కవిత ఉన్నది. అందులో మన బిలాస్‌పూర్ స్టేషను వస్తుంది. వ్యాధిగ్రస్తురాలైన భార్యను గాలి మార్పు కోసం తీసుకొనిపోతున్న భర్త ఇక్కడ రైలు మారుతాడు. రుక్మిణి అనే కూలివాని భార్య తన కుమార్తె పెండ్లికి కావలసిన 25 రూపాయల కోసం మొరపెట్టుకోగా, ఆ ఇల్లాలు జాలిపడి ఇమ్మంటుంది. భర్త రెండే రూపాయలిచ్చి, అంతా ఇచ్చినట్లు భార్యను నమ్మిస్తాడు. భార్య మరణించిన తరువాత పశ్చాత్తాపంతో తిరిగి వచ్చి వెదకితే రుక్మిణి జాడ ఎవరికీ తెలియదు. ఈ కథను వైద్యశాల వారు మరొక విధంగా చదువుకోవాలి. చికిత్స మధ్యలో జాడ తెలియకుండా పోయిన పేదరోగి మనం మాట నిలుపుకోని మనిషి. తరువాత వెదకితే దొరకడు. క్షయకు నెలల తరబడి మందులు వాడాలి. రక్తపుపోటుకు, మధుమేహానికి జీవితాంతం వాడాలి. మొదటి రోజు మందు ఇచ్చి పంపడం రెండు రూపాయల దానం వంటిది. మిగిలిన బాకీ తీర్చాలంటే రోగి ఇంటివరకు పోగల ఏర్పాటు ఉండాలి.

అదే రెండవ విషయం. గనియారి వైద్యులు తమ పనిని మూడు మెట్లుగా అమర్చుకున్నారు. గ్రామంలో ఆ గ్రామస్థురాలే అయిన ఆరోగ్య కార్యకర్త ఒక మెట్టు. అచానక్‌మార్ అడవి అంచున, అడవి లోపల శివతరాయి, సెమరియా, బమ్హనీలలో నెలకొల్పిన ఉపకేంద్రాలు రెండవ మెట్టు. గనియారిలోని వైద్యశాల మూడవ మెట్టు. ఆ ఉపకేంద్రాల చుట్టూ సుమారు 70 అటవీ గ్రామాలు ఉన్నవి. గోండులు, బైగాలు ఎక్కువగా నివసించే ప్రాంతమది. కార్యకర్తలలో చాలామంది పెద్దగా చదువుకొన్నవారు కారు. అయినప్పటికీ జ్వరాన్ని గుర్తించడం, నిమోనియా వచ్చిన పసిబిడ్డ ఊపిరి లెక్కించడం, ప్రమాదంలో ఉన్న గర్భిణిని సకాలంలో పంపడం నేర్చుకొని ప్రాణాలు కాపాడుతున్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో ప్రారంభించిన 'మితానిన్' పథకం కూడ ఇటువంటి విశ్వాసం మీదనే నిలిచినది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ దేశమంతటా 'ఆశా' కార్యకర్తలను నియమించినప్పుడు ఈ రాష్ట్రపు అనుభవం ఎంతో ఉపకరించినది.

మలేరియా విషయంలో గనియారివారు చేసిన ఒక ఏర్పాటును ప్రత్యేకంగా చెప్పాలి. గ్రామంలో జ్వరం వచ్చినవాని వ్రేలి నుండి రక్తపు చుక్క తీసి, గాజు పలకపై పూసి, ఆ దారిన పోయే బస్సులో గనియారికి పంపుతారు. ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితాన్ని తిరుగు బస్సులో పంపుతారు. రోగి కదలడు, అతని రక్తపు చుక్క మాత్రం ప్రయాణం చేస్తుంది. ఫాల్సిపారం మలేరియా రెండు మూడు దినాలలోనే మెదడుకు ఎక్కగలదు గనుక, ఒక దినం ముందు తెలియడం ఒక ప్రాణం విలువ చేస్తుంది. దీనికి కొత్త వాహనం కొనలేదు, కొత్త భవనం కట్టలేదు. ఉన్న బస్సు వేళలను తెలుసుకొని, డ్రైవరు, కండక్టరుల సహకారం సంపాదించారు. మనది రైల్వే పట్టణం. ఏ బండి ఏ వేళకు ఎక్కడ కలుస్తుందో పసిపిల్లలకు కూడ తెలిసిన ఊరు. పెండ్రా రోడ్ నుండి వచ్చే పాసింజరు ఉదయం ఎన్ని గంటలకు చేరుతుందో, తిరిగి ఎప్పుడు పోతుందో చూచుకొని ఓ.పి. చీట్లు ఇచ్చే వేళను నిర్ణయించే వైద్యశాల, రోగికి ఒక రాత్రి ప్లాట్‌ఫారం మీద పడుకునే బాధను తప్పించగలదు.

మూడవది పడకల లెక్క. ఇక్కడ కొంచెం గణితం చెప్పడానికి అనుమతించండి. ఒక సామాజిక ఆరోగ్య కేంద్రానికి ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం 30 పడకలు ఉండాలి. 30 పడకలంటే సంవత్సరానికి 10,950 పడక దినాలు. వైద్యశాల ఎప్పుడూ నూటికి నూరు వంతులు నిండి ఉండకూడదు. నిండిపోతే రాత్రి వచ్చిన అత్యవసర రోగికి చోటు ఉండదు. నూటికి 80 వంతులు నిండితే 8,760 పడక దినాలు వాడుకున్నట్లు. ఒక్కొక్క రోగి సగటున 5 దినాలు ఉంటే 1,752 మందికి చికిత్స జరుగుతుంది. ఆ సగటు 4 దినాలకు తగ్గితే అదే 30 పడకలలో 2,190 మందికి జరుగుతుంది. ఒక్క పడక కూడ వేయకుండా 438 మందికి చోటు దొరికినది.

అయితే ఆ ఒక్క దినం ఎలా తగ్గాలి? కోలుకోని రోగిని త్వరగా ఇంటికి పంపివేయడం ద్వారా తగ్గితే అది లెక్కల పుస్తకాన్ని మోసగించడమే. మరునాడు అతడు మరింత జబ్బుతో తిరిగి వస్తాడు, లేదా రాడు. రోగి ఒక దినం ముందుగా, జబ్బు ముదరక మునుపే వచ్చినట్లయితే, ఆ దినం న్యాయంగా తగ్గుతుంది. ముందుగా రావాలంటే గ్రామంలో కార్యకర్త ఉండాలి, గాజు పలకను మోసే బస్సు ఉండాలి. కాబట్టి అడవి అంచున ఉన్న ఉపకేంద్రం మీద పెట్టిన ఖర్చు ప్రధాన వైద్యశాలలో పడకలుగా మనకు తిరిగి వస్తున్నది. ఈ సంబంధాన్ని గ్రహించినవారు గ్రామసేవను దానధర్మాల పద్దులో వ్రాయరు. వైద్యశాల విస్తరణ పద్దులోనే వ్రాస్తారు.

ఇంకొక సంగతి. వార్షిక సగటును నమ్మి పడకలు వేయరాదు. ఈ ప్రాంతంలో వానలు మొదలైనది మొదలు జ్వరాలు, అతిసారం, పాముకాట్లు పెరుగుతవి. గిరాకీ ఏ నెలలో శిఖరానికి చేరుతుందో ఆ నెలను చూచి మందులు, రక్తం, పాముకాటు విరుగుడు, నర్సుల సెలవులు ముందుగా నిర్ణయించుకోవాలి. పండుగ రద్దీకి అదనపు పెట్టెలు తగిలించే రైల్వేవారికి ఈ మాట వేరుగా చెప్పనవసరం లేదు.

నాల్గవది ఆహారం. ఇది వైద్యశాల ప్రణాళికలో చేరుతుందా అని కొందరు సందేహించవచ్చును. గనియారి వైద్యులు 2004 నుండి 2009 వరకు తమ వద్దకు వచ్చిన 1,695 మంది వయోజన క్షయరోగుల బరువులు పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రకటించారు. పురుషుల మధ్యస్థ బరువు సుమారు 42 కిలోలు, స్త్రీలది సుమారు 34 కిలోలు అని తేలినది. 34 కిలోలంటే బడికి పోయే పదకొండు, పన్నెండేండ్ల పిల్ల తూగే బరువు. ఇంత కృశించిన శరీరానికి ఎంత మంచి మందు ఇచ్చినా అది ఏ బలంతో పనిచేయాలి? తక్కువ బరువు ఉన్నవారిలో మరణాలు ఎక్కువని కూడ ఆ పరిశోధన వెల్లడించినది.

ఈ ప్రశ్నను ఆ బృందంలోని అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ తరువాత ఝార్ఖండ్‌లో మరింత విస్తారంగా పరీక్షించారు. క్షయరోగుల ఇళ్లలోని 10,000 మందికి పైగా కుటుంబ సభ్యులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ప్రతి నెల బియ్యం, పప్పు మొదలైన ఆహారం అందించారు. అలా అందినవారిలో క్షయ సోకడం నూటికి 39 వంతులు తగ్గినదని, అంటువ్యాధి రూపంలోని ఊపిరితిత్తుల క్షయ నూటికి 48 వంతులు తగ్గినదని 2023లో లాన్సెట్ వైద్యపత్రికలలో ప్రకటించారు. బిలాస్‌పూర్ పక్కన ఒక పల్లె ఆసుపత్రిలో తూనిక యంత్రం మీద మొదలైన ప్రశ్నకు సమాధానం ప్రపంచమంతటికీ ఉపయోగపడినది. క్షయరోగులకు పోషకాహారం కోసం కేంద్ర ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది.

మన తెలుగునాటికి కూడ ఈ చరిత్రలో చోటు ఉన్నది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుండి క్షయరోగులకు ఆశ్రయమైనది. మంచి గాలి, విశ్రాంతి, ఆహారం తప్ప వేరు మందు లేని కాలమది. 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన, మందులు సక్రమంగా వాడితే ఇంటివద్ద చికిత్స కూడ శానిటోరియం చికిత్సతో సమానంగా ఫలిస్తుందని నిరూపించినది. పడకలు ఉంటే తప్ప క్షయకు చికిత్స లేదన్న భావన ఆనాటితో తొలగినది. ఒక మంచి పరిశోధన వేలకొలది పడకల అవసరాన్ని తప్పించగలదని దీనివల్ల తెలుస్తున్నది.

పసిపిల్లల విషయంలో గనియారివారు 'ఫుల్వారీ'లు ఏర్పాటు చేశారు. ఫుల్వారీ అంటే పూలతోట. ఆరు నెలల నుండి మూడేండ్ల లోపు పిల్లలను తల్లులు కూలికి పోయినప్పుడు ఊరి స్త్రీలే చూచుకొని, వేడి అన్నం పెట్టే కేంద్రాలవి. తల్లికి పని దొరుకుతుంది, బిడ్డకు తిండి దొరుకుతుంది, పెద్దక్క బడికి పోగలుగుతుంది. పోషణలోపంతో ఆసుపత్రి చేరే బిడ్డల సంఖ్యను తగ్గించడానికి ఇంతకంటె చౌకైన పిల్లల వార్డు లేదు.

ఐదవది భద్రత. ఈ మాట చెప్పడం బాధాకరం. కాని బిలాస్‌పూర్‌లో నిలబడి వైద్య ప్రణాళిక గురించి మాట్లాడుతూ 2014ను దాటవేయడం న్యాయం కాదు. ఆ సంవత్సరం నవంబరు 8న ఈ నగరం సమీపాన పెండారీలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 83 మంది స్త్రీలకు కొద్ది గంటల వ్యవధిలో శస్త్రచికిత్సలు జరిగినవి. ఆ శిబిరం తరువాతి దినాలలో పదిమందికి పైగా తల్లులు మరణించారు. 2016లో సర్వోన్నత న్యాయస్థానం ఇటువంటి శిబిరాల పద్ధతిని మూడేండ్లలో విరమించాలని ఆదేశించినది. ఆ తల్లులు ఏ జబ్బూ లేకుండా, తమ కాళ్ల మీద నడచి వచ్చినవారు.

ఎదుగుతున్న ప్రతి వైద్యశాల ఈ సంఘటన నుండి ఒక నియమాన్ని తన గోడ మీద వ్రాసుకోవాలి. ఒక దినంలో ఎన్ని శస్త్రచికిత్సలు చేయాలన్నది నిర్ణయించేది ఎదురు చూస్తున్నవారి సంఖ్య కారాదు. పరికరాలను శుద్ధి చేయడానికి పట్టే సమయం, చేతులు కడుగుకొనడానికి పట్టే సమయం, శస్త్రచికిత్స అయిన రోగిని కనిపెట్టి ఉండడానికి కావలసిన నర్సుల సంఖ్య దానిని నిర్ణయించాలి. గనియారిలో బయటి రోగులను వారంలో కొన్ని దినాలే చూచి, మిగిలిన దినాలను శస్త్రచికిత్సలకు, గ్రామాలకు వేరుచేసి ఉంచుకొనడంలో ఉన్న వివేకం ఇదే. గుమ్మం ముందు వరుస పొడవుగా ఉన్నప్పుడు ఇంతకు మించి చేయలేము అని చెప్పడం కఠినమైన పని. ఆ మాట చెప్పగల ధైర్యం ప్రణాళికలో ముందే వ్రాసి ఉండాలి. ఎందుకంటే ఆ వేళకు ఎవరికీ ఆ ధైర్యం రాదు.

ఆరవది మనుషులు. ఒక యంత్రాన్ని ఆరు వారాలలో తెప్పించవచ్చును. ఒక మంచి నర్సును తయారుచేయడానికి సంవత్సరాలు పడుతుంది. పట్టణం నుండి వచ్చిన వైద్యుడు రెండేండ్లకో మూడేండ్లకో పై చదువుకు, పిల్లల బడికి వెళ్లిపోవచ్చును. ఆయనను నిందించి ప్రయోజనం లేదు. ఆ ప్రాంతపు ఆడపిల్లను నర్సుగా తయారుచేసుకుంటే ఆమె నిలుస్తుంది. గనియారివారు స్థానిక యువతులకు నర్సు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టినది అందుకే. అటువంటి నర్సుకు ఇంకొక విద్య ఉన్నది. ఆమెకు రోగి భాష తెలుసు. పాలిపోయిన స్త్రీ తన బాధను ఛత్తీస్‌గఢీలోనో గోండీలోనో చెప్పుకుంటుంది. హిందీలో అడిగిన ప్రశ్నకు అవునని తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్ని సమాధానంగా వ్రాసుకున్న వైద్యుడు తప్పు మందు ఇస్తాడు. భాషల కలయిక సభలలో చెప్పుకునే ఆదర్శం మాత్రమే అనుకుంటాము. వార్డులో అది రోగ నిర్ణయానికి కావలసిన పనిముట్టు. నాలుగు భాషలలో బ్రతకడం నేర్చిన రైల్వే కాలనీ కుటుంబాలు ఈ విషయంలో వైద్యశాలకు ఎంతో ఉపయోగపడగలవు.

సంస్థను స్థాపించినవారు కూడ శాశ్వతంగా ఉండరు. గనియారి స్థాపకులలో కొందరు కాలక్రమంలో ఇతర చోట్లకు, ఇతర పరిశోధనలకు వెళ్లారు. సంస్థ నడుస్తూనే ఉన్నది. స్థాపకుని సంతకం లేకుండా ఒక దినం గడవని సంస్థ ఎంత పెద్దదైనా ఇంకా పసిదే. ఏ పని ఎవరి తరువాత ఎవరు చేయాలన్నది వ్రాతలో ఉంచడం ప్రణాళికలో తప్పక ఉండవలసిన అధ్యాయం.

ఏడవది ధనం. చికిత్స ఖర్చు కోసం ఎద్దును అమ్ముకున్న రైతు జబ్బు నుండి లేచి పేదరికంలో పడతాడు. మందులను వ్యాపార నామంతో కాక, అసలు పేరుతో టోకున కొంటే ఖర్చు ఎంతో తగ్గుతుంది. అనవసరమైన సూదిమందులు, సెలైన్లు మానివేస్తే ఇంకా తగ్గుతుంది. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం అర్హత గల కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు రక్షణ కల్పించినది. ఇది గొప్ప ఆసరా. అయితే ఓ.పి.లో చూపించుకొని నెలనెలా మందులు తీసుకునే రోగి ఖర్చు దాని పరిధిలోకి రాదు. కేవలం పథకం చెల్లింపుల మీద ఆధారపడి ప్రణాళిక వేసుకునే వైద్యశాల, తనకు తెలియకుండానే, రోగులను పడకలపై చేర్చడం వైపు మొగ్గుతుంది. చేరనవసరం లేకుండా నయం చేయడమే మంచి వైద్యమైనప్పుడు, ఆ మంచికి ఎవరూ చెల్లించరు. ఈ లోటును పూడ్చడానికే ప్రజల విరాళం అవసరమవుతుంది.

ప్రజలు తమ వైద్యశాలను తామే నిలుపుకొనగలరా అని అడిగేవారికి ఈ రాష్ట్రంలోనే సమాధానం ఉన్నది. దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులు తమ చందాలతో, తమ శ్రమదానంతో 1983లో షహీద్ ఆసుపత్రిని నెలకొల్పుకున్నారు. రోజుకూలితో బ్రతికేవారు తమ ఆసుపత్రికి తామే ఇటుకలు మోశారు.

ఇప్పుడు మన కర్తవ్యం గురించి రెండు మాటలు. వైద్యశాల ఎదుగుదల వైద్యులకు మాత్రమే సంబంధించినదైతే నేను ఇంత దూరం వచ్చి మీతో మాట్లాడనవసరం లేదు. ఈ ప్రాంతంలో సికిల్ సెల్ రక్తహీనత ఎక్కువ. దానిని నిర్మూలించే జాతీయ కార్యక్రమాన్ని 2023 జులై 1న మన కట్నీ మార్గంలోని షహడోల్‌లోనే ప్రారంభించారు. ఆ వ్యాధిగల పిల్లలకు సంక్షోభం వచ్చినప్పుడు రక్తం కావాలి. రైల్వే కాలనీల యువకులు నెలకు ఇంతమంది చొప్పున, డ్యూటీ పట్టిక వేసుకొన్నట్లే రక్తదాన పట్టిక వేసుకోగలరు. 2022 నుండి అమలులో ఉన్న 'ని-క్షయ్ మిత్ర' ఏర్పాటు క్రింద ఒక వ్యక్తి గాని, ఒక సంఘం గాని క్షయరోగికి ఆరు నెలలు ఆహార సామగ్రి అందించే బాధ్యత తీసుకోవచ్చును. ఒక వీధి కలిసి ఒక రోగిని దత్తత తీసుకుంటే ఒక్కొక్క ఇంటిమీద పడే భారం ఎంత? రోగి వెంట వచ్చినవారు తల దాచుకొనడానికి, వండుకొనడానికి చోటు లేక చికిత్స మధ్యలో ఇంటిదారి పడుతున్నారు. స్టేషనుకు దగ్గరలో రెండు గదులు, ఒక పొయ్యి, ఒక కుళాయి సమకూర్చడం మన సంఘాల శక్తికి మించిన పని కాదు.

ఎదుగుతున్న వైద్యశాల తన ప్రణాళికను ఏ క్రమంలో వ్రాయాలంటారా? రానివారు ఎవరో మొదట వ్రాయాలి. వారిని చేరే దారి తరువాత వ్రాయాలి. ఆ దారిలో నిలబడే మనిషిని, ఆమెకు ఇవ్వవలసిన శిక్షణను, జీతాన్ని వ్రాయాలి. భద్రత కోసం దాటకూడని హద్దులు వ్రాయాలి. మందులకు, ఆహారానికి కావలసిన ధనం వ్రాయాలి. ఇవన్నీ అయిన తరువాత కూడ చోటు చాలకపోతే, అప్పుడు నిశ్చింతగా పడకల సంఖ్య వ్రాయవచ్చును. ఆ సంఖ్య మనం మొదట అనుకున్నదానికంటె తక్కువే కావచ్చును, ఎక్కువే కావచ్చును. ఎంతైనా అది నిజమైన అవసరం నుండి పుట్టిన సంఖ్య అవుతుంది.

శ్రీకాకుళం నుండి వచ్చిన ఫిట్టరు కుటుంబానికి, అచానక్‌మార్ అడవిలోని బైగా కుటుంబానికి, షహడోల్ నుండి పాసింజరులో దిగిన గోండు తల్లికి ఒకే వరుసలో ఒకే చీటీ ఇచ్చే స్థలం వైద్యశాల. దేశ సమైక్యత అనే పెద్దమాట ఆ చీటీలో చిన్న అక్షరాలతో వ్రాసి ఉన్నది. ఆ వరుసలో చివర నిలబడిన మనిషి వంతు చీకటి పడక ముందే వచ్చేటట్లు చూడడమే ప్రణాళికకు పరమార్థమని మనవి చేస్తున్నాను.